సముద్రానికి వెళ్తున్నారా? ముందు సంచి సర్దండి!

పిల్లలకి పరీక్షలు అయిపోవడమే ఆలస్యం, "అమ్మా, ఈసారైనా సముద్రానికి వెళ్దామే!" అని పోరు మొదలెడతారు. శ్రీవారు కూడా "సరే, రెండ్రోజులు సెలవు పెడతాలే" అంటారు. టికెట్లు, రూము సంగతి ఆయన చూసుకుంటారు. "తిండికేముంది, అన్నీ అక్కడే దొరుకుతాయి. నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో" అని మనకి అభయం కూడా ఇచ్చేస్తారు. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ ఆ 'అన్నీ అక్కడే దొరుకుతాయి' అన్న మాటలోనే చిక్కంతా ఉంది.

దొరుకుతాయి, నిజమే. కానీ దేంట్లో పెట్టి ఇస్తారు? తినేశాక అది ఎక్కడికి పోతుంది?

ఒక్కసారి లెక్క వేద్దాం. ఇంట్లో నలుగురు. పొద్దున టిఫిన్ ప్లేట్లు 4, స్పూన్లు 4. సాయంత్రం దాకా తలా రెండు నీళ్ళ సీసాలు, అంటే 8. రెండుసార్లు టీ, కప్పులు 8. పిల్లలూ పెద్దలూ కలిసి చిప్స్ ప్యాకెట్లు 4. మధ్యాహ్నం బిర్యానీ డబ్బాలు 4, వాటితో పాటు పెరుగు పచ్చడికీ, గ్రేవీకీ చిన్న కవర్లు 8. కూల్‌డ్రింకు సీసాలు 4, ఐస్‌క్రీం కప్పులు 4. మొత్తం 48! ఒక్క కుటుంబం, ఒక్క రోజు. ఆదివారం సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డులో ఎంత జనం ఉంటారో మీకు తెలియనిది కాదు.

అందుకే అంటున్నాం. మనం ఒడ్డున ఎంత చెత్త వదులుతామన్నది బీచ్‌లో తేలే సంగతి కాదు, ముందురోజు రాత్రి మన వంటింట్లోనే తేలిపోతుంది. ఇది మన చేతిలో పని!

ఎగిరిపోయిన కవరు ఎవరింటికి?

బీచ్‌లో చెత్తబుట్ట ఉంటుంది. మనమూ బుద్ధిగా అందులోనే వేస్తాం. కానీ సముద్రపు గాలి సంగతి తెలుసుగా! నిండిన బుట్ట మీద పెట్టిన తేలిక కవరు నిమిషంలో నీళ్ళలో పడుతుంది. నీళ్ళలో తేలే పల్చటి కవరు అచ్చం జెల్లీ చేపలా కనిపిస్తుంది. సముద్రపు తాబేళ్ళకి జెల్లీ చేప ఇష్టమైన తిండి. మింగేస్తాయి. అది అరగదు, బయటికీ రాదు.

మన తూర్పు తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గురించి పిల్లలకి తప్పక చెప్పాలి. శీతాకాలం చివర, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, ఆడ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. అడుగున్నర లోతు గుంట తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. తిరిగి చూడవు. పొదగడం ఇసుక వేడి పని. గూడు వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువగా మగపిల్లలు! 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, వెలుగు ఎటుంటే అటు పరుగు తీస్తాయి. మామూలుగా రాత్రిపూట నీళ్ళ మీది ఆకాశమే తెల్లగా ఉంటుంది కాబట్టి దారి తప్పవు. ఒడ్డున పెద్ద లైట్లుంటే మాత్రం సముద్రాన్ని వదిలి రోడ్డు వైపు పాకుతాయి. వెయ్యి పిల్లల్లో ఒక్కటి పెద్దదయితే గొప్ప అంటారు. బతికి పెద్దదైన ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి మళ్ళీ తను పుట్టిన తీరం వైపే వస్తుంది. పుట్టింటికొచ్చే ఆడపిల్లన్నమాట! ఆ పుట్టిల్లు శుభ్రంగా ఉంచడం మన వంతు కాదూ?

తాబేళ్ళే కాదు, మనుషులూ ఉన్నారక్కడ. మనకి రెండ్రోజుల షికారు అయిన చోటు బెస్తవాళ్ళకి నిత్యం పని చేసుకునే వాకిలి. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునేది ఆ ఇసుక మీదే. మగవాళ్ళు ఒడ్డున నిలబడి, పాదాలకి చెప్పులు లేకుండా తాళ్ళతో వల లాగేదీ అక్కడే. ఎవరో సరదాకి పగలగొట్టిన గాజు సీసా పెంకు వాళ్ళ కాలిలో దిగుతుంది. వలలో చేపలతో పాటు మన కవర్లూ పడతాయి. వాటిని ఏరి పారేసే పనీ వాళ్ళదే.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

ఏ కాలంలో వెళ్ళినా దానికి తగ్గ జాగ్రత్త ఒకటి ఉంటుంది.

సంక్రాంతి నుంచి మార్చి దాకా ఎండ తక్కువ, హాయిగా ఉంటుంది. కానీ అది తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. రాత్రిళ్ళు ఒడ్డున టార్చిలైట్లు, చలిమంటలు, బాణసంచా వద్దు. తీరం పక్కన గది తీసుకుంటే రాత్రి కిటికీ తెరలు వేసేయండి. కారుని గానీ మోటార్ సైకిల్ని గానీ ఇసుకలోకి దింపవద్దని ఇంట్లో మగపిల్లలకి గట్టిగా చెప్పండి. చక్రాల కింద గూళ్ళు నలిగిపోతాయి. తాబేలు కనిపిస్తే దూరంగా, మౌనంగా నిలబడి చూడాలి. ఫోటో కోసం ఫ్లాష్ కొట్టకూడదు. ఈ తాబేళ్ళకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. గుడ్లు తీయడం నేరం. విశాఖ వంటి చోట్ల అటవీ శాఖ వాళ్ళు గుడ్లు సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతుంటారు. ముందుగా కనుక్కుని వెళ్తే పిల్లలకి జన్మంతా గుర్తుండిపోయే దృశ్యం అది.

ఎండాకాలం సెలవుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే సమయమని. ఆ రోజుల్లో హోటల్లో పెద్ద వంజరం ముక్క వేయించి పెట్టారంటే అది ఐసులో నిలవున్నదో, వేరే తీరం నుంచి వచ్చిందో కావచ్చు. అప్పుడు కూరగాయల భోజనమో, చెరువు చేపో చెప్పుకోవడం మేలు. వేట సాగే రోజుల్లోనైనా కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు అడిగి చూడండి. త్వరగా పెరిగే చేపలు, ధరా తక్కువే, రుచికి లోటుండదు. వంజరం పిల్లల్నీ, సొరనీ వదిలేయండి.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. వాతావరణ హెచ్చరిక వినకుండా బయల్దేరవద్దు.

ఎక్కడికి వెళ్దాం?

తొలిసారి పిల్లలతో వెళ్ళేవాళ్ళకి విశాఖ దగ్గరి రుషికొండ బాగుంటుంది. బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఉంటాయి కాబట్టి ఆడవాళ్ళకి ఇబ్బంది తక్కువ. 2020లో దీనికి 'బ్లూ ఫ్లాగ్' వచ్చింది. నీళ్ళ శుభ్రత, భద్రత, చెత్త నిర్వహణ వంటివి 33 అంశాల్లో పరిశీలించి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. 2025లో శుభ్రత సరిగా లేదన్న ఫిర్యాదులతో ఆ జెండా కొన్నాళ్ళు దిగిపోయి, సర్దుబాటు చేశాక మళ్ళీ వచ్చింది. జెండా తెచ్చుకోవడం కంటే నిలబెట్టుకోవడం కష్టమన్నమాట. ఆ నిలబెట్టడంలో మన వాటా కూడా ఉంది.

అక్కణ్ణుంచి భీమిలి వైపు వెళ్తే దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి పేర్చిన ఎర్ర ఇసుక గుట్టలవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. పిల్లలు గుట్టలెక్కి జారుడుబండ ఆడతామంటారు. వద్దనండి. ఒక్కసారి కూలిన అంచుని మళ్ళీ పేర్చే యంత్రం ఎవరి దగ్గరా లేదు.

హైదరాబాద్, గుంటూరు, విజయవాడల వాళ్ళకి బాపట్ల దగ్గరి సూర్యలంక అనువు. బాపట్ల దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటోలో కాసేపటి ప్రయాణం. నలుగురి కోసం కారు తీయడం కంటే డబ్బూ తక్కువే, పొగా తక్కువే. పిల్లలకి రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే అదే సగం షికారు!

ఎప్పుడూ ఇసుకేనా అనుకుంటే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులున్నాయి. చెక్కల వంతెన మీద నడుస్తూ, గాలి పీల్చుకోవడానికి బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళని చూడొచ్చు. అలల జోరుని తగ్గించి ఊళ్ళని కాపాడే చెట్లవి. అదే కాకినాడకి కాస్త పైన ఉప్పాడలో సముద్రం ఏళ్ళ తరబడి ఒడ్డుని కోసుకుంటూ వస్తోంది. ఇళ్ళూ రోడ్డూ పోయాయి. ఈ రెండూ ఒకే ప్రయాణంలో చూపిస్తే చెట్టు విలువేంటో పిల్లలకి పాఠం చెప్పనక్కర్లేదు.

బకెట్ నీళ్ళ విలువ

తీరం పక్క ఊళ్ళలో ఇసుకలో చిన్న గుంట తవ్వితే మంచినీళ్ళు ఊరతాయి. వాటినే దొరువులంటారు. పక్కనే ఉప్పు సముద్రం, ఇక్కడ తియ్యటి నీళ్ళేమిటని ఆశ్చర్యంగా ఉంటుంది కదూ? వాననీరు ఇసుకలోకి ఇంకి, తేలిక కాబట్టి లోపలి ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. ఆ పొర పల్చన. బోర్లు వేసి మోటార్లతో గబగబా తోడేస్తే కింద ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మామూలవడానికి ఏళ్ళు పట్టొచ్చు. అప్పుడు బిందె పట్టుకుని దూరం నడిచేది ఎవరు? ఆ ఊరి ఆడవాళ్ళే.

మనం సముద్రంలో మునిగొచ్చి హోటల్లో షవరు కింద అరగంట నిలబడితే ఖర్చయ్యేది ఆ నీళ్ళే. కాబట్టి మనిషికి ఒక బకెట్, ఒక మగ్గు చాలు. పిల్లల ఒంటికి అంటిన ఇసుకని ముందు పొడి తువ్వాలుతో దులిపేస్తే సగం నీళ్ళు మిగులుతాయి. తువ్వాళ్ళు, దుప్పట్లు రోజూ మార్చవద్దని హోటల్ వాళ్ళకి చెప్పండి. ఇంట్లో రోజూ మారుస్తున్నామా ఏమిటి!

సంచి సర్దుదాం

ఇక అసలు పని. నలుగురికి ఒక రోజుకి ఇవి చాలు:

* అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, స్టీలు గ్లాసులు నాలుగు. టీ కూడా వీటిలోనే పోయించుకోండి. "పేపరు కప్పే కదా" అంటారు గానీ, తడవకుండా దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది.
* స్టీలు క్యారియరు, చెంచాలు. లేదంటే అడ్డాకు, మోదుగాకు విస్తళ్ళు. అడుగున ప్లాస్టిక్ కాగితం అంటించిన రకం మాత్రం కొనకండి.
* పాత చీర ఒకటి. కింద పరుచుకోవడానికి, ఎండకి కట్టుకోవడానికి, తడిసిన పిల్లల్ని చుట్టడానికి అన్నిటికీ అదే.
* గుడ్డ సంచులు మూడు. ఒకటి తడి బట్టలకి, ఒకటి కొనే సరుకులకి, ఒకటి ఖాళీగా.
* మూత గట్టిగా పట్టే పాత డబ్బా ఒకటి. తొక్కలూ, ఎముకలూ, మిగిలిన అన్నం అందులోకి. ఇసుకలో పాతిపెడితే కుక్కలు వాసన పట్టి తవ్వుతాయి. అలా అలవాటు పడ్డ కుక్కలే తాబేలు గూళ్ళనీ తవ్వేస్తాయి.

తిండి సంగతి కూడా చెప్పుకుందాం. పొద్దుటికి నూనె, కారప్పొడి రాసిన ఇడ్లీలు. మధ్యాహ్నానికి పులిహోర. సాయంత్రానికి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, జంతికలు, నాలుగు సున్నుండలు. చిప్స్ ప్యాకెట్ ఊసే రాదు.

పులిహోర సాయంత్రం దాకా పాడవకూడదంటే చిన్న కిటుకు. అరకిలో బియ్యానికి 75 గ్రాముల చింతపండు తీసుకుని, చిక్కటి పులుసు తీసి, ఉప్పు, పసుపు, పచ్చిమిర్చి వేసి ముందురోజు రాత్రే నూనె పైకి తేలేదాకా ఉడికించండి. పొద్దున అన్నం వార్చి, వెడల్పాటి పళ్ళెంలో పూర్తిగా చల్లార్చాకే పులుసు, ఇంగువ పోపు కలపండి. వేడి మీద మూత పెడితే ఆవిరికి చెమర్చి పాడవుతుంది. కొబ్బరి వేయకండి.

ఇంటి నుంచి తీసుకెళ్తే అక్కడి చిరు వ్యాపారులకి నష్టం కాదా అంటారేమో! వాళ్ళ దగ్గర కొబ్బరి బొండాలు కొనండి. "స్ట్రా వద్దు బాబూ" అని ఎత్తి తాగండి. తాటిముంజలు, మొక్కజొన్న పొత్తులు, జామకాయలు కొనండి. డబ్బు నేరుగా వాళ్ళ చేతికే వెళ్తుంది, వెనక మిగిలే చెత్త మట్టిలో కలిసిపోయేదే.

"ప్లాస్టిక్ నిషేధించారుగా, మనకెందుకు ఈ గోల?" అని ఎవరైనా అనొచ్చు. 2022 జులై 1 నుంచి దేశమంతటా స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు వంటివి నిషేధించిన మాట నిజమే. కానీ నీళ్ళ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు ఆ జాబితాలో లేవు. మన 48లో ఎక్కువ భాగం ఇంకా దుకాణాల్లో వేలాడుతూనే ఉంది.

పసిపిల్లలుంటే... ఆ రోజులొస్తే...

పైకి చెప్పుకోని విషయం ఒకటుంది. పిల్లల డైపర్లు, మన ప్యాడ్లు. వీటిలో ఉండేదీ ప్లాస్టిక్కే. చాటుగా ఇసుకలో పాతేస్తే అల రెండోరోజే బయటపెడుతుంది. మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం మూసుకుపోతుంది, ఆ తర్వాత వచ్చే ఆడవాళ్ళకి అదీ లేకుండా పోతుంది. పాత న్యూస్‌పేపర్ ముక్కలు నాలుగు, మూతపడే డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి. చుట్టి, డబ్బాలో పెట్టి, ఊళ్ళో చెత్త తీసుకెళ్ళే బండికి ఇవ్వండి. ఒడ్డున ఉన్న కాసేపూ పసివాడికి పాత నూలు లంగోటీలు కట్టినా హాయే.

గవ్వలు, శంఖాలు

బీచ్ దుకాణాల్లో నిగనిగలాడే పెద్ద శంఖాలు, ఎండబెట్టిన సముద్రపు గుర్రాలు, పగడపు కొమ్మలు చూస్తే షోకేసు గుర్తొస్తుంది. ఆగండి! అంత మెరుపున్న పెద్ద గవ్వలు చాలావరకు బతికున్న ప్రాణిని చంపి తీసినవే. పగడాలు, సముద్రపు గుర్రాలు, కొన్ని రకాల శంఖాలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి. కొనడం, దాచుకోవడం కూడా చిక్కే. ఒడ్డున పిల్లలు ఏరుకునే చిన్న గవ్వలతో కూడా అక్కడే గూళ్ళు కట్టించి, ఫోటో తీసి, వదిలి రమ్మనండి. ఖాళీ గవ్వ మనకి బొమ్మ, కొన్ని పీతలకి మాత్రం ఇల్లు. అవి అందులో దూరి కాపురముంటాయి.

గుర్తుగా ఏదైనా కొనాలనిపిస్తే ఉప్పాడ వైపు వెళ్ళినప్పుడు నేతగాళ్ళ దగ్గర జమ్దానీ చీర చూడండి. ఏడాదికొకటి కొన్నా, కాకపోతే చేత్తో తాకి వచ్చినా, తృప్తే!

పుణ్యస్నానానికి వెళ్ళినా...

కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్రస్నానం మన ఇళ్ళలో ఆనవాయితీ. అరటి దొప్పలో దీపం వదలండి, ముచ్చటగా ఉంటుంది, నీళ్ళకీ హాని లేదు. థర్మాకోల్ దొన్నెలు, ప్లాస్టిక్ పూలు వద్దు. పసుపు, కుంకుమ పొట్లాల కవర్లు తిరిగి సంచిలో వేసుకోండి. కట్టుకున్న బట్టలు నీళ్ళలో వదిలితే అవి వలలకీ, పడవ మరలకీ చుట్టుకుంటాయి. ఉతికి ఎవరికైనా ఇస్తే అదీ పుణ్యమే.

అన్నట్టు, స్నానం ఎక్కడ పడితే అక్కడ చేయకండి. పైకి ప్రశాంతంగా ఉన్న చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. గజ ఈతగాళ్ళుండే చోటు చూసుకుని, మోకాలి లోతు దాటకుండా, పిల్లల చెయ్యి వదలకుండా దిగండి.

బయల్దేరే ముందు అయిదు నిమిషాలు

సామాను సర్దుకున్నాక పిల్లల్ని పిలిచి, ఆ మూడో గుడ్డ సంచి ఇవ్వండి. మనం కూర్చున్న చోటు చుట్టూ పది అడుగుల మేర మనదీ, మనది కానిదీ ఏరమనండి. ఎవరు ఎక్కువ మూతలు ఏరితే వాళ్ళకి రైల్లో కిటికీ సీటు! చూస్తుండండి, పక్క కుటుంబం పిల్లలూ వచ్చి చేరతారు. ఏటా సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతటా తీరాల శుభ్రత దినం జరుపుతారు. మనకి ఆ తేదీ దాకా ఆగాల్సిన పనేముంది?

ఇంటికొచ్చాక ఆ సంచి గుమ్మరించి పిల్లల చేతే లెక్క పెట్టించండి. మన 48 ఎన్నికి తగ్గింది? పదికి తగ్గితే శభాష్ అనండి. మళ్ళీసారి అయిదుకి పందెం వేయండి. సముద్రం చూడటానికి ఖర్చు పెట్టే మనం, మన మనవలకి కూడా ఆ ఇసుక ఇలాగే మెత్తగా, తెల్లగా తగలాలని కోరుకోవడంలో అత్యాశేముంది? ఏమంటారు?